సోమశిల లాంచీ ఎక్కే ముందు పాలమూరు కోటలు: ఒక్క రోజులో మూడూ చూడొచ్చా?

మీరు అడిగింది ఇదీ: నల్గొండ నుంచి ఆరుగురు కారులో వస్తారు. డిసెంబర్‌లో కొల్లాపూర్ దగ్గరి సోమశిల నుంచి శ్రీశైలం దాకా లాంచీలో పోతారు. ఆ ట్రిప్పులోనే ఒక రోజు గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ రాజుల కోటలు చూడాలి. మూడూ ఒక్క రోజులో అవుతాయా? లాంచీకి ముందు పెట్టుకోవాలా, తర్వాతా? నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అమ్మగారికి గద్వాల చీర కావాలి.

ముందు సూటిగా చెప్తాను. కోటలు లాంచీకి ముందే చూడండి. వనపర్తిని అంతకుముందు రోజు సాయంత్రానికి జరిపితేనే మిగతా రెండూ ఒక్క రోజులో తీరిగ్గా అవుతాయి. మూడూ ఒకే రోజులో కుక్కితే గేట్లు, గోడలు, కారు అద్దాలు తప్ప ఏమీ మిగలదు. నేను వనపర్తిలో చదువుకుని, ఉద్యోగమంతా ఈ సంస్థానాల ఊళ్లలోనే చేసి రిటైరైన వాణ్ని. హైదరాబాద్ నుంచి చుట్టాలొస్తే తిప్పే పని ఇప్పటికీ నాదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

లాంచీకి ముందే ఎందుకంటే, సోమశిలలో ఎక్కినవాళ్లు దిగేది శ్రీశైలం దగ్గర పాతాళగంగలో, నల్లమలకు అవతలి కొసన. అక్కడ దిగాక మళ్లీ గద్వాల వైపు రావాలంటే అడవి దాటి, వచ్చిన దూరమంతా వెనక్కి రావాలి. పైగా లాంచీ మన చేతిలో ఉండదు. శ్రీశైలం జలాశయంలో నీళ్లుండాలి, గాలి మరీ ఎక్కువ ఉండకూడదు, సరిపడా టికెట్లు తెగాలి. వానాకాలంలో డ్యాం నిండాక మొదలై, నీళ్లు దిగేదాకా నడుస్తుంది. పూర్తి మట్టం 885 అడుగులు. డిసెంబర్‌లో మామూలుగా నీళ్లుంటాయి గానీ ఏటా ఒకేలా ఉండదు. బయల్దేరే ముందు టూరిజం వాళ్లకు ఫోన్ చేయండి, ముందురోజు మరోసారి చేయండి. ఒకవేళ లాంచీ రద్దయినా కోటలు చూసేసి ఉంటారు, కారులోనే శ్రీశైలం పోవచ్చు. తిరగేసి ప్లాన్ చేసుకుంటే లాంచీ గురించి టెన్షన్ పడుతూ చివరికి రెండూ సగం సగమే అవుతాయి.

రోజుల విషయానికొస్తే, గురువారం నల్గొండలో బయల్దేరి శనివారం లాంచీ ఎక్కేలా చూసుకోండి. వనపర్తి రాజభవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ ఉంది, సెలవు రోజు పోతే గేటు బయటి నుంచే చూసి రావాలి. శనివారం పెబ్బేరులో పెద్ద పశువుల సంత. ఆ రోజు ఆ రోడ్డు మీద కారు నడపడమంటే ఎడ్లతో, గొర్రెలతో, ట్రాలీలతో కలిసి నడపడమే. సంత చూడాలనుకునేవాళ్లకు అదీ సరదానే, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని మాత్రం వద్దు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. మీ అబ్బాయి రాజస్థాన్ కోటల వీడియోలు చూసి ఊహించుకుంటున్నాడని రాశారు. ఇక్కడ టికెట్ కౌంటర్ లేదు, గైడ్లు లేరు, అద్దాల హాళ్లలో రాజుగారి కత్తులు పెట్టి చూపించేవాళ్లు లేరు. ఈ సంస్థానాలు నిజాంకు కప్పం కట్టి తమ పరగణాలు తామే ఏలుకున్నవి. సొంత కచేరీలు, సొంత పోలీసు, సొంత పండితులు. 1949లో జాగీర్ల రద్దుతో ఆ పాలన పోయింది. అప్పుడు ఇంతింత భవనాలకు ఒక పని కావాల్సి వచ్చింది. పని దొరికిన భవనం నిలబడింది, దొరకనిది కూలింది. ఈ ఒక్క మాట పట్టుకుని చూస్తే మూడు ఊళ్లూ మీకు అర్థమవుతాయి. అబ్బాయికి కూడా ఇదే చెప్పండి: రాజులు ఎలా బతికారన్నది ఇక్కడ కొంతే కనిపిస్తుంది, రాజులు పోయాక కోటలు ఎలా బతికాయన్నది పూర్తిగా కనిపిస్తుంది.

గురువారం దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా వనపర్తికి రండి. పొద్దున్నే బయల్దేరి దారిలో ఆగుతూ వచ్చినా మధ్యాహ్నం భోజనానికి చేరుకుంటారు. కాలేజీ విడిచేలోపు, మూడు గంటల ప్రాంతంలో, రాజభవనానికి పోండి. ఆఫీసులో ఒక మాట చెప్పి, క్లాసులకు అడ్డం రాకుండా తిరిగితే ఎవరూ ఏమీ అనరు. కృష్ణదేవరావు పాలిటెక్నిక్ 1959లో మొదలైంది, ఆ పేరు వనపర్తి రాజులదే. జనుంపల్లి వంశం వాళ్లది. డ్రాయింగ్ బోర్డులు, లేబొరేటరీలు పెట్టడానికి కట్టిన ఇల్లు కాదు కాబట్టి ఎత్తైన కప్పులు, పొడవైన వరండాలు, కమాను తలుపుల మధ్య ఇంజనీరింగ్ చెప్పడం ఒక వింత. ఆ వింతే దాన్ని కాపాడింది కూడా. ఏళ్ల తరబడి రోజూ మనుషులు తిరిగిన ఇల్లది.

వనపర్తి రాజుల గురించి హైదరాబాద్ వాళ్లకు తెలియని ముక్క ఒకటుంది. మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది కదా, అదేదో చల్లటి గాలి మెషీన్ల పేరనుకుంటారు చాలామంది. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. వనపర్తి రాజు దగ్గరున్న ఆఫ్రికా సంతతి ఆశ్వికులు నిజాం కొలువులోకి పోయి అక్కడ స్థిరపడితే ఆ పేటకు ఆ పేరు నిలిచిందంటారు. ఆ వంశంలో తర్వాతి తరం రాజా రామేశ్వరరావు దౌత్యవేత్తగా పనిచేసి, చాలాకాలం మహబూబ్‌నగర్ ఎంపీగా ఉన్నారు. హైదరాబాద్ నుంచి పెద్ద ఇంగ్లీషు ప్రచురణ సంస్థను నడిపించిందీ ఆయనే. అంటే రాజరికం పోయినా ఊరితో సంబంధం తెగలేదు.

ఆ రాత్రి వనపర్తిలోనే పడుకోండి. మామూలు లాడ్జీలే, పెద్దగా ఆశించొద్దు. ఉదయం టిఫిన్‌కు బస్టాండు పరిసరాల్లో ఇబ్బంది ఉండదు.

శుక్రవారం ఏడింటికల్లా కదలండి. గద్వాలకు రెండు దారులు. పోయేటప్పుడు ఆత్మకూరు, జూరాల మీదుగా పోండి, వచ్చేటప్పుడు ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి మీదుగా రండి. ఆత్మకూరు అమరచింత సంస్థానానికి కేంద్రం. అక్కడ దిగకండి, కారులోంచి చూసి సాగిపోండి. జూరాల ప్రాజెక్టు మీద మాత్రం ఐదు నిమిషాలు ఆగొచ్చు. మరుసటి రోజు మీరు లాంచీలో పోయే కృష్ణమ్మ ముందుగా కనిపించేది అక్కడే.

గద్వాలకు ఎక్కువ టైం పెట్టండి. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ నేలను నడిగడ్డ అంటారు. కోట కట్టించింది పెద సోమభూపాలుడు. ఊళ్లో నల సోమనాద్రి అంటేనే తెలుస్తుంది. మూడు వందల ఏళ్లు దాటిన కోట. బయటి ప్రాకారం చూసి చాలామంది పెదవి విరుస్తారు, మట్టిగోడేనా అని. ఆ మందం దగ్గరికి పోయి చూడండి. రాతి కోటను ఫిరంగి గుండు తాకితే రాయి పగిలి చెదురుతుంది, మందపాటి మట్టికట్ట ఆ దెబ్బను మింగేస్తుంది. కట్టింది ఫిరంగులు వచ్చేసిన కాలంలో అన్నది మర్చిపోవద్దు. కొండ లేని చదునైన నేలలో కోట కట్టాల్సినవాడికి మట్టి, కందకం రెండే ఆధారం.

గేటు దాటాక అది ఒక పేటలాగే ఉంటుంది. మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరుతో డిగ్రీ కాలేజీ లోపలే ఉంది. జనం ఎంఏఎల్డీ కాలేజీ అంటారు. ఆమె గద్వాల చివరి పాలకురాలు. పిల్లలు సైకిళ్ల మీద, బైకుల మీద కోట గుమ్మంలోంచే కాలేజీకి పోతుంటారు. చెన్నకేశవస్వామి గుడి కోట లోపలే, ఇప్పటికీ నిత్యపూజలతో. మండపం స్తంభాల మీద చెక్కడం తీరిగ్గా చూడాల్సిందే. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి పదిన్నరలోపు అక్కడ ఉండేలా చూసుకోండి. రాజులు నివసించిన మహలు వైపు చూస్తే నేను పైన చెప్పిన మాట తెలుస్తుంది: గుడికి దేవుడున్నాడు, కాలేజీకి పిల్లలున్నారు, అవి నిలిచాయి. ఎవరూ ఉండని భాగాలు కూలి, చెట్లు మొలిచి ఉన్నాయి. ఆ శిథిలాల్లోకి దిగకండి, పాములుంటాయి, గోడలు వదులుగా ఉన్నాయి. బయటి నుంచి చూస్తే చాలు.

విద్వద్గద్వాల, అంటే పండితుల గద్వాల, అన్న పేరు ఊరికే రాలేదు. పండితులకు ఏటా వార్షికాలు ఇచ్చి పిలిపించుకున్న ఆస్థానం ఇది. తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానాలన్నీ తిరిగి అవధానాలు చేసినవాళ్లే. అప్పట్లో ఒక కవికి నడిగడ్డకు రావడం అంటే బళ్లల్లో ఎన్ని రోజుల ప్రయాణమో ఆలోచించండి.

నాన్నగారి మోకాళ్ల సంగతి: గద్వాల కోట నేలమట్టంలోనే ఉంది, గుట్ట ఎక్కే పని లేదు. కారు లోపలిదాకా పోతుంది. మెట్లు కొద్దివే. ఈ ప్రాంతంలో ఘనపురం, పానగల్లు, కోయిలకొండ లాంటి గుట్ట కోటలు చాలానే ఉన్నాయి. ఎవరైనా వాటిని ఈ ట్రిప్పులో కలపమంటే వినకండి, ఆయన కిందే కూర్చుని కారుకు కాపలా కాయాల్సి వస్తుంది.

ఇక చీర. ఒంటి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ మగ్గం మీదే పోగుకు పోగు ముడేసి కలుపుతారు, దాన్నే కుప్పడం అంటారు. అంచులో కోట బురుజుల వరసలాగా త్రిభుజాలు నిలబడితే అది కోటకొమ్మ. పొద్దున కోట చూసి, మధ్యాహ్నం ఆ అంచు చూస్తే అమ్మగారికి పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు. గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా పేరొక్కటే చూసి కొనకండి. చీర తిప్పి వెనకవైపు చూడండి, నూలు పట్టు కలిసే చోట పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలి. మిషన్ కుట్టు కనిపిస్తే పక్కన పెట్టేయండి. పూర్తి పట్టు కూడా అమ్ముతారు, అది ఇంకో ధర. నా లెక్కలో గద్వాల వచ్చి నూలు–పట్టు చీర కొనకుండా పూర్తి పట్టు కొనడం దండగ, అది కంచిలోనూ దొరుకుతుంది. షాపులో గంటకు మించి కూర్చోనివ్వకండి. ఇది చెప్పడం తేలికే, చేయడం మీ వల్ల కావాలి.

అలంపురం దగ్గరే కదా, జోగులాంబను కూడా చూసొద్దామా అని ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నవబ్రహ్మ గుళ్లు బాదామి చాళుక్యుల నాటివి, 7, 8 శతాబ్దాలవి. వాటికి ఒక పూట పూర్తిగా కావాలి. ఈ రోజులో ఇరికిస్తే అమ్మవారి దర్శనం, పరుగు రెండే అవుతాయి. ఇంకోసారికి ఉంచుకోండి.

పన్నెండింటికల్లా గద్వాల వదిలి ఎర్రవల్లి మీదుగా జాతీయ రహదారికి రండి. బీచుపల్లిలో కృష్ణ దాటి పెబ్బేరు చేరి భోజనం చేయండి. జొన్నరొట్టె అడగండి, దొరికితే అదే తినండి. అక్కడి నుంచి మళ్లీ వనపర్తికి పోవద్దు. శ్రీరంగాపురం, వీపనగండ్ల, పెంట్లవెల్లి మీదుగా కొల్లాపూర్ పోండి. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి గుడి వనపర్తి రాజులు కట్టించినదే, పక్కనే రంగసముద్రం చెరువు. మధ్యాహ్నం గుడి మూసినా చెరువు గట్టు మీది నుంచి గోపురం చూడటానికి పావుగంట ఆగండి. నన్నడిగితే ఈ దారి మొత్తంలో ఫొటోకు అదే మంచి చోటు.

పెంట్లవెల్లి మండలంలో జటప్రోలు వస్తుంది. కొల్లాపూర్ సంస్థానానికి అసలు పేరు జటప్రోలు సంస్థానమే. సురభి వంశం వాళ్ల పాత రాజధాని అది, తర్వాత కొల్లాపూర్‌కు మారారు. శ్రీశైలం డ్యాం కట్టాక పాత జటప్రోలు నీళ్లలోకి పోయింది. గుళ్లను రాయి రాయి విప్పి, నంబర్లేసి పైకి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. మదనగోపాలస్వామి గుడి అలా వచ్చిందే. సోమశిల సోమేశ్వరుడూ అంతే, మంచాలకట్ట మాధవస్వామి గుడి కొల్లాపూర్‌కు వచ్చిందీ అలాగే. ముంపులో పోయిన ఊళ్లు రెండు గట్లా కలిపి వంద దాకా ఉంటాయి. చాలామంది టూరిస్టులు కోటలు వేరు, లాంచీ వేరు అనుకుని వస్తారు. శనివారం మీరు లాంచీలో పోయే నీళ్ల అడుగున ఉన్నది శుక్రవారం చూసిన సంస్థానం నేలే. పొలాలు, రేవులు, పాత బాటలు అన్నీ కిందే. అందుకే కొల్లాపూర్ చూడకుండా లాంచీ ఎక్కొద్దంటాను.

కొల్లాపూర్‌లో రాజభవనం రాజవంశీకుల సొంత ఆస్తి. గేటు దగ్గరున్న మనిషిని మర్యాదగా అడగండి, పెద్దవాళ్లను ముందు నిలబెట్టి అడిగితే ఇంకా మంచిది. లోపలికి రానిస్తే అదృష్టం, లేదంటే బయటి నుంచి ముఖభాగం చూసి కదలండి, వాదించకండి. ఎవరింటికైనా మనం అలా పోం కదా. మనుషులు చూసుకునే ఇల్లు కాబట్టి గద్వాల మహలుకూ దీనికీ తేడా బయటి నుంచే తెలుస్తుంది. ఈ ఊరిని తెలంగాణ మైసూరు అంటారు. మైసూరును నిజంగా చూసినవాళ్లు నవ్వుతారేమో గానీ, సాయంత్రం ఎండలో ఆ తెల్లటి కట్టడాలు చూస్తే ఆ పేరు పెట్టినవాళ్ల ముచ్చట అర్థమవుతుంది. ఆ తర్వాత మాధవస్వామి గుడికి పోండి. కేశవుడి 24 రూపాలు చెక్కిన గుడి, సాయంత్రం తెరిచే ఉంటుంది. కొల్లాపూర్ మామిడి మాత్రం అడగకండి, అది ఎండాకాలం సరుకు. మామిడి ఉన్నప్పుడు లాంచీకి నీళ్లుండవు, లాంచీ ఉన్నప్పుడు మామిడి ఉండదు. సప్తనదుల సంగమంలోని సంగమేశ్వరం గుడీ అంతే, నీళ్లు దిగాకే బయటపడుతుంది. డిసెంబర్‌లో అది నీళ్లలోనే ఉంటుంది. ఎవరైనా పడవలో తీసుకెళ్లి గుడి చూపిస్తామంటే డబ్బులివ్వకండి.

రాత్రి బస సోమశిలలో టూరిజం కాటేజీలు దొరికితే అక్కడ, లేకపోతే కొల్లాపూర్‌లో. మధ్య దూరం పది కిలోమీటర్ల లోపే. సోమశిల ఒడ్డున చేపల వేపుడు బాగుంటుంది, మర్నాడు గుడికి పోయేవాళ్లు ఇంట్లో పంచాయితీ ముందే తేల్చుకోండి.

లాంచీ దాదాపు ఏడు గంటల ప్రయాణం, భోజనం లోపలే ఉంటుంది. ప్యాకేజీలో ఏమేం కలిశాయో బుకింగ్ అప్పుడే అడగండి. పొద్దున నీళ్ల మీద చలి, మధ్యాహ్నం పైడెక్కు మీద ఎండ, రెండిటికీ బట్టలుండాలి. పాతాళగంగలో దిగాక పైకి చాలా మెట్లున్నాయి. నాన్నగారిని ఎక్కించొద్దు, రోప్‌వే ఉంది. అది సాయంత్రం ఎన్నింటికి ఆపుతారో ముందే కనుక్కోండి, లాంచీ ఆలస్యమైతే ఒడ్డునే ఆటో మాట్లాడుకోవచ్చు. నాగార్జునసాగర్ నుంచి వచ్చే లాంచీ దిగే చోటు వేరు, అది డ్యాంకు కింద లింగాలగట్టు. మీ ఊరివాళ్లు ఎవరైనా సాగర్ నుంచి పోయొచ్చి అక్కడ రోప్‌వే లేదని చెబితే గాబరా పడకండి.

చివరిగా కారు. ఒకరు లాంచీ వదులుకుని కారు తేవాలి, లేదా డ్రైవర్‌ను పెట్టుకోవాలి. లాంచీ కదలగానే కారు కూడా కదలాలి. అచ్చంపేట, మన్ననూర్, దోమలపెంట మీదుగా రావాలి. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు మూసేస్తారు. ఆదివారం తిరుగు ప్రయాణంలోనూ ఈ టైమే గుర్తుంచుకోండి. దర్శనం లేటై ఏడున్నర దాటితే ఆ రాత్రి కొండ మీదే ఉండిపోయి, పొద్దున గేటు తీయగానే డిండి మీదుగా నల్గొండ దారి పట్టండి.